ఎర్ర చుక్క పడే సాయంత్రం

పోయిన నెల ఒకరికి ప్రింటు కాగితం గురించి జవాబిస్తూ, "సాయం కోసం పెట్టే ఫోటో ఎగ్జిబిషన్ల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం" అని ఓ ముక్క అనేశాను. అంతే, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఇన్ని క్లబ్బులు, ఇంతమంది ఇదే పనిలో ఉన్నారని నాకు తెలియదు. అందరికీ విడివిడిగా రాయడం నావల్ల కాదు కాబట్టి ఒకేలాంటివి కలిపేసి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. ముప్పై ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. ఇలాంటి ఎగ్జిబిషన్లు ఏడు పెట్టాను. వాటిలో రెండు బాగా జరిగాయి. కింద చెప్పేదంతా ఎక్కువగా మిగతా అయిదింటిలో నేర్చుకున్నదే.

మేడమ్, మా కెమెరా క్లబ్బులో పన్నెండు మందిమి. కిడ్నీ జబ్బున్న పిల్లల వైద్యం కోసం నలభై ఫోటోలతో ఎగ్జిబిషన్ పెడుతున్నాం. ఓపెనింగ్‌కి ఒక ప్రముఖుడు వస్తానన్నారు. ప్రోగ్రాం ఎలా వేసుకోవాలి? ఎవరెవరు మాట్లాడాలి? ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది. మేం రాసుకున్న కాగితం జతచేస్తున్నాను.
*– ఒక క్లబ్బు కార్యదర్శి*

కాగితం చూశానండీ. స్వాగతం, అతిథుల పరిచయం, అధ్యక్షుల మాట, ముఖ్య అతిథి మాట, ఆత్మీయ అతిథి మాట, ఆస్పత్రి తరఫున ఒకరు, క్లబ్బు చరిత్ర, జ్ఞాపికలు, వందన సమర్పణ. మొత్తం తొమ్మిది. ఫోటోలు చూడడం అనేది ఇందులో ఎక్కడా లేదు!

నవ్వుతున్నానని అనుకోకండి. నా మొదటి ఎగ్జిబిషన్‌కి నేను వేసింది కూడా అచ్చం ఇలాంటి కాగితమే. ముఖ్య అతిథి యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఆయన చేత్తోనే తలుపు తెరిపించాలని పట్టుబట్టి, వచ్చినవాళ్లందరినీ వరండాలో నిలబెట్టాం. అది అద్దాల తలుపు. దాని పక్కన ఒకావిడ నిలబడి, లోపల ఎదురుగోడ మీదున్న ఫోటోనే చూస్తున్నారు. పొగమంచులో రెండు పడవలు, ఒకదాని మీద తడిసిన తాడు చుట్ట. ఆవిడ తల అటూ ఇటూ వాల్చి, చేతిసంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, మళ్లీ అదే చూస్తున్నారు. ఇది కొంటారు అనుకున్నాను. తర్వాత తలుపు తీశాం, అయిదుగురు మాట్లాడారు, గంటా ఇరవై నిమిషాలు పట్టింది. చప్పట్లు అయ్యాక ఆవిడ వాచీ చూసుకుని నా దగ్గరకొచ్చి, "ఆ పడవల ఫోటో బావుందండీ, రేపొచ్చి తీసుకుంటాను" అన్నారు. రాలేదు. ఆ సాయంత్రం మూడు ఫోటోలు అమ్ముడయ్యాయి. అందులో రెండు మా పెద్దమ్మ కొడుకు కొన్నాడు, నా మొహం చూడలేక.

ఇలాంటి చోట కొనేది ఎక్కువగా మొదటి సాయంత్రమే. మనసు పడినవాడు నిలబడి చూసే పదిహేను నిమిషాల్లోనే కొనాలి. ఇంటికెళ్లాక ఏ గోడకి కడతాం, ఇంట్లోవాళ్లు ఏమంటారు అన్న లెక్కలు మొదలవుతాయి. అందుకని ప్రోగ్రాంని తిరగేయండి. ఆరింటికి అన్నారంటే ఆరింటికి తలుపులు తీసేయండి, అతిథి వచ్చినా రాకపోయినా. ముప్పావుగంట జనాన్ని వాళ్ల మానాన వాళ్లని చూడనివ్వండి. ఆ తర్వాత పది నిమిషాల మాటలు, మొత్తం కలిపి పది. మళ్లీ ఫోటోలు, అమ్మకం. అతిథి ఆలస్యంగా వస్తే జనం మధ్యలోకే వస్తారు. నిజానికి ఆయనకీ అదే హాయి.

ఆ పది నిమిషాల్లో ఎవరు మాట్లాడాలంటారా? ఒక అయిదు నిమిషాలు ఆ వార్డులో పనిచేసే నర్సుకివ్వండి. డయాలసిస్ మీదున్న పిల్లవాడు మామూలుగా వారానికి మూడుసార్లు రావాలి, వచ్చినప్పుడల్లా మూడు నాలుగు గంటలసేపు మెషీన్ పక్కనే ఉండాలి, ఆ గంటల్లో బడి పోతుంది, తోడొచ్చిన అమ్మకో నాన్నకో ఆ రోజు పని పోతుంది. ఈ నాలుగు ముక్కలు రోజూ చూసే మనిషి చెప్తే చాలు. "ఈ ఫోటో కొంటే వచ్చే డబ్బు ఇదిగో ఈ ఖర్చుకి వెళ్తుంది" అని ఆవిడే అనాలి. మిగతా అయిదు నిమిషాలు అతిథిగారివి. క్లబ్బు చరిత్ర కాగితం మీద వేసి తలుపు దగ్గర పెట్టండి, చదివేవాళ్లు చదువుతారు.

ఇక ఎర్ర చుక్కల సంగతి. ఫోటో అమ్ముడైతే దాని ధర కార్డు మీద చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించడం గ్యాలరీల పాత అలవాటు. గదిలో మొదటి చుక్క పడేదాకా ఎవరూ కదలరు. అది పడ్డాక రెండోవాడికి ధైర్యం వస్తుంది. అందుకని కొందరు ముందే ఉత్తుత్తి చుక్కలు అంటించేస్తారు. ఆ పని మాత్రం చేయకండి. జబ్బు పిల్లల పేరు చెప్పి అబద్ధంతో మొదలుపెట్టడం ఒక తప్పు. పైగా ఆ చుక్క పడిన ఫోటోనే ఎవరికో నిజంగా నచ్చుతుంది, అప్పుడు నీళ్లు నమలాలి. ఎటూ కొందామనుకుంటున్న మీ స్నేహితులు ఇద్దరు ముగ్గురు ఉంటారు కదా, వాళ్లని మొదటి అరగంటలోనే వచ్చి కొనమనండి. అది నిజం చుక్క.

డబ్బు తీసుకునే బల్ల దగ్గర ఫోటోగ్రాఫర్లెవరినీ కూర్చోబెట్టవద్దు. లెక్క తెలిసినవాళ్లు, రసీదు గబగబా రాయగలిగినవాళ్లు ఇద్దరు చాలు. ఫోటోగ్రాఫర్లు గదిలో తిరుగుతూ ఉండాలి, కానీ సొంత ఫోటో ముందు కాపలా కాయకూడదు. తీసినవాడు పక్కనే నిలబడి ఉంటే చూసేవాడు మొహమాటానికి "అద్భుతం" అనేసి ముందుకెళ్లిపోతాడు.

వేలం పాట పెడితే ఎక్కువ డబ్బొస్తుందంటున్నారు. నిజమేనా?
*– అదే క్లబ్బు నుంచి ఇంకొకరు*

పేరున్న ఫోటోగ్రాఫర్ ఒక్క ప్రింటు ఇస్తే, దానికి ఇద్దరు ముగ్గురు పోటీపడేవాళ్లు ఉంటే వస్తుంది. లేకపోతే మీ సభ్యుడి ఫోటో ముందు గది మొత్తం మౌనంగా నిలబడే అర నిమిషం అతను జన్మలో మర్చిపోడు. మీరు ధర కార్డులే పెట్టుకోండి.

నేను ఫోటో జర్నలిజం చదువుతున్నాను. ఒక స్వచ్ఛంద సంస్థ కోసం పిల్లల వార్డులో ఫోటోలు తీశాను. ఒక పాప ఫోటో చాలా బలంగా వచ్చింది. చేతికి సూది, కళ్లలో నీళ్లు, వెనకాల మసగ్గా వాళ్లమ్మ. సంస్థవాళ్లు దాన్నే పోస్టర్‌గా వేద్దామంటున్నారు. వాళ్లమ్మ అనుమతి పత్రం మీద సంతకం పెట్టింది. అయినా ఎందుకో మనసొప్పడంలేదు. నేను అతిగా ఆలోచిస్తున్నానా?
*– ఒక విద్యార్థిని*

అతిగా ఏమీ కాదమ్మా. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. కాస్త పెద్ద జవాబే ఇస్తాను.

మీకు పాఠాల్లో తప్పకుండా చూపించి ఉంటారు, డొరోతియా లాంగ్ తీసిన 'మైగ్రెంట్ మదర్'. 1936లో, కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కోత కూలీల శిబిరంలో తీసింది. గడ్డం కింద చెయ్యి ఆనించుకున్న తల్లి, ఆమె భుజాల మీద మొహాలు దాచుకున్న ఇద్దరు పిల్లలు. ఫోటోలు పత్రికలో పడగానే ప్రభుత్వం ఆ శిబిరానికి 20,000 పౌండ్ల తిండి సరుకులు పంపింది, అంటే తొమ్మిది టన్నులన్నమాట. ఒక ఫోటో చేయగలిగిన మేలుకి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు. అందరూ కథ ఇక్కడ ఆపేస్తారు.

మిగతాది ఇదీ. సరుకులు వచ్చేసరికి ఆ తల్లి కుటుంబం అక్కణ్నుంచి వెళ్లిపోయింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. ఆ సంగతి లాంగే తర్వాత రాసుకుంది. నలభై ఏళ్లపాటు ఆ మొహం ప్రపంచమంతా తిరిగింది, మనిషి మాత్రం ఎవరో ఎవరికీ తెలియదు. 1970ల చివర్లో ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే పెద్దావిడ బయటికొచ్చి, అది నేనే, ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేది, దానివల్ల నాకు ఒక్క పైసా రాలేదు అని చెప్పింది. 1983లో ఆమె మంచాన పడితే వైద్యానికి డబ్బు కావాలని పిల్లలు జనాన్ని అడిగారు. అప్పుడు వేల డాలర్లు వచ్చాయి, ఉత్తరాలూ వచ్చాయి. ఆ ఏడాదే ఆమె పోయింది.

లాంగ్‌ని నేను తప్పుపట్టడంలేదు. ఆవిడ ప్రభుత్వ ఉద్యోగిగా తన పని తాను చేసింది, ఫోటో మీద ఆవిడకీ సొమ్ములేమీ రాలేదు. నన్ను పట్టుకున్నది పేరు అడగలేదన్న ఆ చిన్న ముక్క. పది నిమిషాలు ఎదురుగా నిలబడి, పేరు అడగకుండా వెనక్కి రావడం నేనూ చేశాను. మీరూ చేసే ఉంటారు.

నా సొంత కథొకటి చెప్తాను. మూటలు మోసే బండి మీద ఒక మనిషి వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఒక చెప్పు కిందపడిపోయింది. తెల్లారి వెలుతురు పక్కనుంచి పడి అరికాలి పగుళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. తీసినప్పుడు సంబరపడిపోయాను. నిరాశ్రయుల కోసం పెట్టిన ఎగ్జిబిషన్‌లో దాన్ని తలుపుకెదురుగా కట్టి, కింద 'మత్తు' అని పేరు పెట్టాను. నిద్రమత్తు అని నా ఉద్దేశం, కవిత్వం అనుకున్నాను. నాలుగో రోజు ఒక కుర్రాడు వచ్చాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. దాని ముందు చాలాసేపు నిలబడి, నా దగ్గరకొచ్చి మెల్లగా అన్నాడు: "మేడమ్, మా నాన్న తాగడు. ఆ రోజు రాత్రంతా లోడు దింపి వచ్చాడు. మాకు ఇల్లుంది." అంతే. గొడవ చేయలేదు, కేకలేయలేదు. నేను స్టూలు తెచ్చుకుని ఆ ఫోటో దించుతుంటే, కింద ఫ్రేము పట్టుకుని సాయం కూడా చేశాడు.

అప్పట్నుంచి ప్రతి ఫోటోకీ నేను వేసే ప్రశ్న ఒకటే. ఓపెనింగ్ సాయంత్రం, గది నిండా జనం ఉండగా, ఈ ఫోటోలో మనిషి తలుపు తోసుకుని లోపలికొస్తే నేను ఎదురెళ్లి "రండి, చూడండి" అనగలనా? లేక స్తంభం చాటుకి తప్పుకుంటానా?

మీ పాప విషయానికొస్తే, సంతకం ఉంది సరే. ఆ తల్లి ఆ పత్రం మీద ఎక్కడ సంతకం పెట్టింది? వార్డులో, వైద్యం చేస్తున్నవాళ్ల ఎదుట, బిడ్డ ఏడుస్తుండగా. కాదంటే మందు ఆగుతుందేమోనన్న భయం ఆమెకి లేదని మీరు చెప్పగలరా? అది అనుమతి అనుకోను. మళ్లీ వెళ్లండి. ఆస్పత్రి బయట, తెల్లకోటు మనుషులెవరూ పక్కన లేనప్పుడు కలవండి. ఫోటోని ఫోన్‌లో చూపిస్తే సరిపోదు, గోడ మీద ఎంత సైజులో పడుతుందో అంత ప్రింటు తీసి చేతికివ్వండి. పోస్టర్ అంటే ఏంటో, ఎక్కడెక్కడ కనిపిస్తుందో, ఇంటర్నెట్‌లోకి వెళ్తే వెనక్కి తీసుకోవడం మీ చేతుల్లో ఉండదని కూడా చెప్పండి. పాపకి మాట తెలిసే వయసైతే పాపని కూడా అడగండి. వద్దంటే ఏమీ కాదని, వైద్యం అలాగే సాగుతుందని సంస్థవాళ్లతోనే చెప్పించండి. అప్పుడు సరేనంటే అది అనుమతి.

సరేనన్నా నేనైతే కన్నీళ్ల ఫోటో పోస్టర్‌కి వాడను. పదేళ్ల తర్వాత ఆ పాప హైస్కూల్లో ఉంటుంది. క్లాసులో ఎవరో ఆ ఫోటో వెతికి తీస్తారు. జపాన్‌లోని మినామతాలో పాదరసం విషంతో పుట్టుకనుంచీ దెబ్బతిన్న తొమోకో అనే అమ్మాయిని తల్లి స్నానం చేయిస్తుండగా 1971లో యూజీన్ స్మిత్ ఫోటో తీశాడు. తల్లి ఒప్పుకునే తీయించింది. ఆ ఫోటో వల్ల ఆ ఊరి గోడు ప్రపంచంలో ఇంకా ఎక్కువమందికి తెలిసింది. తొమోకో పోయాక చాలా ఏళ్లకి, ఇక బిడ్డని విశ్రాంతిగా ఉండనివ్వండని ఇంట్లోవాళ్లు కోరితే, హక్కులున్న ఎయిలీన్ స్మిత్ (యూజీన్ మాజీ భార్య) 1998లో ఆ ఫోటోని కొత్తగా ఎక్కడా వాడనివ్వకూడదని నిర్ణయించింది. ఒకసారి ఇచ్చిన అనుమతి శాశ్వతం కాదని అంత పేరున్న ఫోటో విషయంలోనే ఒప్పుకున్నారు. మీరూ మీ పత్రంలో ఓ వాక్యం చేర్చండి: ఎప్పుడు వద్దన్నా తీసేస్తామని, ఎవరికి చెప్పాలో పేరూ ఫోన్ నంబరుతో సహా.

మరి పోస్టర్‌కి ఏం వేయాలి? మీరే రాశారుగా, వెనకాల మసగ్గా వాళ్లమ్మ ఉందని. ఫోకస్ ఆవిడ చేతుల మీద పెట్టి తీసిన ఫ్రేమ్ ఒకటైనా ఉండే ఉంటుంది. వెతకండి.

ఫోటోల కింద పేర్లు కవితాత్మకంగా ఉండాలని నేను, వివరాలు ఉండాలని మా ఆయన. ఇద్దరం ఫోటోగ్రాఫర్లమే. తీర్పు చెప్పండి.

మీ ఆయన పక్షం. 'మత్తు' కథ పైన చదివారుగా.

లూయిస్ హైన్ అనే ఆయన 1908 నుంచి అమెరికాలో మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల్ని ఫోటోలు తీసేవాడు. పిల్లల ఎత్తు తెలుసుకోవడానికి తన కోటు గుండీలతో కొలుచుకునేవాడు, ఎన్నో గుండీ దగ్గరికొస్తే ఎంత ఎత్తో ముందే లెక్క ఉంది. జేబులో చెయ్యి పెట్టి యజమానులకి కనపడకుండా నోట్సు రాసుకునేవాడట. పిల్ల పేరు, వయసు, ఎన్నాళ్లనుంచి పని, ఎంత కూలి. 'వాడిన మొగ్గ' అని రాసి ఉంటే ఆ ఫోటోల్ని చట్టసభలో ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

ఒక్క మినహాయింపు. రోగులు, పిల్లలు ఉన్న ఫోటోల్లో పేరూ జబ్బూ రెండూ కలిపి రాయకండి. అక్కడ వివరమంటే ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది, అంతవరకే.

"అమ్మకాల సొమ్ము మొత్తం సేవకే" అని ఆహ్వానపత్రం మీద వేశాం. ఇప్పుడు ప్రింట్లు, ఫ్రేములు, హాలు అద్దె లెక్క చూస్తే గుండె ఝల్లుమంది. ఖర్చులు తీసుకుని మిగతాది ఇస్తే తప్పా?
*– పేరు వద్దన్న పాఠకుడు*

ఖర్చులు తీసుకోవడం తప్పు కాదు. 'మొత్తం' అని వేశాక తీసుకోవడం తప్పు. కార్డులు ఇంకా పంచకపోతే ఈ రాత్రే మార్చేయండి. పంచేసి ఉంటే, మీ సభ్యులు తలా కొంత వేసుకుని ఆ ఖర్చు భరించక తప్పదు. కష్టంగా ఉంటుందని తెలుసు, ఒకసారి నేనూ భరించాను.

వచ్చేసారికి ఇలా చేయండి. ఫ్రేములకి, హాలుకి ముందే ఒక దాతని వెతుక్కోండి. వ్యాపారం చేసేవాళ్లకి ఫ్రేములు ఇవ్వడం, డబ్బివ్వడం కంటే సులువు. అప్పుడు 'మొత్తం' అన్నమాట నిజమవుతుంది. దాత దొరక్కపోతే 'ఖర్చులు పోను' అని ఊరుకోకండి. ఆ మాట వినగానే కొనేవాడికి ఎంత పోతుందో అన్న అనుమానం వస్తుంది. ధరలో వందకి ఇన్ని వంతులు ప్రింటుకీ ఫ్రేముకీ, మిగిలిన ఇన్ని వంతులు సంస్థకి అని ధర కార్డు మీదే వేసేయండి. ఫోటోగ్రాఫర్ కొంత తీసుకుంటే అదీ వేయండి, దాంట్లో సిగ్గేం లేదు. నేను చూసినంతలో అంకె రాసి ఉన్నప్పుడు ఎవరూ ప్రశ్నించరు, రాయనప్పుడే గుసగుసలు.

డబ్బు మాత్రం ఎవరి సొంత ఖాతాలోకీ వెళ్లకూడదు, ఒక్క రాత్రికైనా సరే. ఒకసారి మా కోశాధికారి, చాలా నిజాయితీ గల మనిషి, సొమ్ము తన ఖాతాలో వేసుకున్నాడు, తెల్లారి బదిలీ చేద్దామని. ఆ రాత్రే వాళ్లింట్లో ఒకరు ఆస్పత్రి పాలై, ఆయన ఫోన్ ఎత్తలేదు. మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో ఆయన గురించి ఎవరెవరు ఏమన్నారో ఆయనకి ఇప్పటికీ తెలియదు, తెలియకపోవడమే మంచిది. కొన్నవాళ్లు నేరుగా సంస్థ ఖాతాకే కట్టేలా బల్ల మీద ఏర్పాటు పెట్టండి. నగదు వస్తే ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చేయండి.

పన్ను రాయితీ వస్తుందని మాత్రం మీ అంతట మీరు హామీ ఇవ్వకండి. డబ్బుకి బదులు వస్తువు చేతికొస్తే దాన్ని చాలాచోట్ల పూర్తి విరాళంగా లెక్కవేయరు. సంస్థ ఆడిటర్‌ని ముందే అడగండి. ఆ సంస్థ పేరూ గుర్తూ వాడుకోవడానికి రాతలో అనుమతి కూడా అప్పుడే తీసుకోండి. తర్వాత నెల తిరిగేలోపు, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాం అని ఒక్క పేజీ రాసి కొన్న ప్రతివాళ్లకీ పంపండి. మా ఏడు ఎగ్జిబిషన్లలో ఆ పేజీ పంపినవి రెండే. మొదట్లో బాగా జరిగాయని చెప్పిన రెండూ అవే.

ఫోన్‌లో తీసిన ఫోటోలు పెద్ద ప్రింటుకి పనికొస్తాయా? సభ్యులందరూ వాట్సాప్ గ్రూపులో పంపేశారు.

ఫోన్ ఫోటో పనికొస్తుంది, వాట్సాప్ ఫోటో పనికిరాదు. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫోన్ అయితే ఫైలు 4000 × 3000 పిక్సెల్స్ ఉంటుంది. అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన పదమూడు అంగుళాల పొడవు నిక్షేపంగా వస్తుంది. 200 లెక్కన తీస్తే ఇరవై అంగుళాలు, నాలుగడుగుల దూరం నుంచి చూసేవాళ్లకి తేడా తెలియదు. అదే ఫోటో మామూలుగా వాట్సాప్‌లో వచ్చిందనుకోండి, కుదించుకుపోయి ఉంటుంది. 1600 పిక్సెల్సే మిగిలితే 300 లెక్కన అయిదున్నర అంగుళాలు కూడా రాదు. అసలు ఫైలు మెయిల్‌లోనో, డ్రైవ్‌లోనో, వాట్సాప్‌లోనే అయితే డాక్యుమెంట్‌గానో పంపమనండి.

ఇంకొకటి. స్క్రీన్ మీద చూసినంత వెలుగు కాగితం మీద ఉండదు. నలభై ఒకేసారి ప్రింటుకి ఇవ్వకుండా, ముందు నాలుగు చిన్నవి తీయించి హాల్లో అదే లైటు కింద పెట్టి చూడండి. నల్లగా కనిపిస్తాయి. అందరికీ అలాగే అవుతుంది, కంగారుపడకండి, కాస్త వెలుగు పెంచండి.

ఫోటోలు ఎంత ఎత్తులో కట్టాలి? ప్రతిసారీ మా వాళ్ల మధ్య ఇదే పోట్లాట.

ఫ్రేము మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాలు. చాలా మ్యూజియంలు ఆ చుట్టుపక్కలే పెడతాయి. పైఅంచులు ఒక వరసలో ఉండాలా, కింది అంచులా అన్న వాదన అక్కడితో తీరిపోతుంది. అన్ని సైజుల ఫ్రేములకీ మధ్యభాగాలే ఒక వరసలో ఉంటాయి. మేకు ఎక్కడ కొట్టాలంటే, 24 అంగుళాల ఎత్తు ఫ్రేము అనుకోండి, వెనక తీగని వేలితో పైకి లాగితే పైఅంచుకి మూడంగుళాల కిందికి వచ్చిందనుకోండి. 58కి సగం ఎత్తు 12 కలిపి, 3 తీసేస్తే 67. అక్కడ మేకు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఎక్కువగా ఉంటారంటే రెండు మూడంగుళాలు దించండి. మీది పిల్లల ఆస్పత్రి కోసమైతే ఈ మాట మర్చిపోవద్దు.

లైటు సూటిగా వేస్తే అద్దంలో చూసేవాడి మొహమే కనిపిస్తుంది. పైనుంచి, నిలువు గీతకి ముప్పై డిగ్రీల వాలులో పడేలా తిప్పండి. తిప్పాక మీరే వెళ్లి ఫోటో ముందు నిలబడి చూసుకోండి. నిచ్చెన మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఒక ఫోటోకి ఇద్దరు ముగ్గురు డబ్బిస్తామంటే ఇంకో కాపీ తీసి ఇవ్వొచ్చా?

ఎన్ని కాపీలో ముందే చెప్పి ఉంటే ఇవ్వొచ్చు. అయిదు అనుకుంటే వెనక 1/5, 2/5 అని నంబరు వేసి సంతకం పెట్టండి, ఆరోది ఎవరడిగినా ఉండదు. ఏమీ చెప్పకుండా అమ్మి, నెల తర్వాత మొదట కొన్నాయన వేరేవాళ్లింట్లో అదే ఫోటో చూస్తే ఆయనకి ఒళ్లు మండుతుంది. నాకు ఫోన్ వచ్చింది కాబట్టి చెప్తున్నాను.

మా ఎగ్జిబిషన్ అయిపోయింది, మంచి డబ్బే వచ్చింది. కానీ నావి నాలుగు ఫోటోలు పెడితే ఒక్కటీ అమ్ముడుపోలేదు. పక్కన కుర్రాడు తీసిన పిల్లి ఫోటో మాత్రం మూడు కాపీలు పోయింది. సేవ కోసమే కదా, నాకెందుకు బాధ అనుకుంటాను, అయినా నిద్రపట్టడంలేదు. సిగ్గుగా ఉంది.
*– పేరు వద్దన్న పాఠకురాలు*

పిల్లి ఎప్పుడూ అమ్ముడుపోతుందండీ. దాంతో పోటీ పడకండి.

సిగ్గుపడాల్సిందేమీ లేదు. సేవకి ఇచ్చేది ఫోటోనే కానీ, దాన్ని తీసిన మనసు దాంతోపాటే గోడకి వేలాడుతూ ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి హాలు ఖాళీ అయ్యాక చుక్క పడని ఫోటోల ముందు నేను కూడా నడిచాను, ఒక్కొక్కటీ ఎందుకు పోలేదా అని. ఒకదానికి ధర ఎక్కువ పెట్టాను. ఒకటి స్తంభం వెనక పడింది. ఒకటి నిజంగానే బాలేదు, ఆ సంగతి ఆ రాత్రి లైట్లు సగం ఆర్పేశాకే తెలిసింది. ఒకటి మాత్రం ఎందుకు పోలేదో ఇప్పటికీ అర్థం కాలేదు.

మీ నాలుగింటిలో ఒకటి మీకు బాగా నచ్చింది ఉంటుంది. దాన్ని మీరే కొనుక్కోండి, ధర కార్డు మీద ఎంతుంటే అంతా సంస్థ ఖాతాకి కట్టి, రసీదు రాయించుకుని. మిగతా మూడూ ఆస్పత్రి వరండాకి ఇస్తామని అడిగి చూడండి, వద్దనరు. ఆ పొగమంచు పడవల ఫోటోని నేను అలాగే తెచ్చుకున్నాను. మా ప్రింటరు పైన గోడకి ఉంది. కిందటేడు దుమ్ము దులపడానికి దించితే వెనక ధర కార్డు ఇంకా అంటుకునే ఉంది, మీద ఎర్ర చుక్కతో సహా. డబ్బు కట్టింది నేనైనా, చుక్క అంటించింది మాత్రం మా పెద్దమ్మ కొడుకు.